ట్రాక్టర్, ట్రాలీ, పికప్ వాహనాల రంగు మీద పడే మట్టి చారలు – నివారణ, తొలగించే పద్ధతులు

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కూరగాయలు, పూలు పండించే రైతుకు వాహనం లేకుండా రోజు గడవదు. తెల్లవారక ముందే క్యారెట్, టమాటా, ఆకుకూరలు మెహిదీపట్నం రైతుబజారుకో, బోయిన్‌పల్లి మార్కెట్‌కో చేరాలి. బంతి, చామంతి, గులాబీ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు అదే బండిలో ఎరువు బస్తాలు, కోళ్ల ఎరువు, డ్రిప్పు పైపులు వస్తాయి. వారం తిరిగేసరికి బానెట్ మీద, మడ్‌గార్డుల మీద, ట్రాలీ పక్క రేకుల మీద పైనుంచి కిందికి ఎర్రగానో, తెల్లగానో, నల్లగానో చారలు కనిపిస్తాయి.

"బండి అన్నాక మట్టి కాకపోతే ఏమవుతుంది" అని చాలామంది వదిలేస్తారు. పొడి మట్టి అయితే నిజంగానే పెద్ద నష్టం లేదు. చార విషయం వేరు. నీళ్లు ఏదో ఒకదాన్ని కరిగించుకుని ప్రతిసారీ ఒకే దారిలో జారితేనే చార పడుతుంది. ఆ నీళ్లలో ఎరువు ఉప్పు గానీ, బ్యాటరీ ఆమ్లం గానీ, తుప్పు గానీ ఉంటే రంగు కింద ఇనుము తినడం మొదలైందని అర్థం. అందుకే చారను తుడిచే ముందు అది ఎక్కడ మొదలైందో చూడాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నిటికీ ఇదే మూలం.

కొన్నేళ్ల కిందట ఒక రైతు టమాటాలో ఆకుమాడు తెగులు చూడమని పొలానికి పిలిచాడు. తోట చూసి వస్తుంటే గట్టు పక్కన ట్రాలీ కనిపించింది. వెనుక తలుపు కింద గోధుమ రంగు చార ఉంది. ప్రతి వారం కడిగినా మళ్లీ అదే చోట వస్తోందని చెప్పాడు. ట్రాలీలో పరిచిన పాత పట్టా ఎత్తి చూశాం. మూలలో ఎప్పుడో పగిలిన పొటాష్ బస్తా ఎరువు తడిసి గట్టిపడి ఉంది. దాన్ని గీకితే అడుగు రేకులోంచి వేలు అవతలికి దిగింది. చార చాలా నెలలుగా ఆ సంగతే చెబుతోంది. చివరికి అడుగు రేకు మొత్తం మార్పించాల్సి వచ్చింది.

చారలు ఎందుకు పడతాయి?

బండి మీద దుమ్ము ఎక్కువగా పట్టేది అతుకులు, బోల్టుల తలలు, రబ్బరు అంచులు, బీడింగులు, మడ్‌గార్డు మడతల్లో. తొలకరి చినుకులు గానీ, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పడే మంచు గానీ ఈ దుమ్మును తడుపుతాయి. గట్టి వాన అయితే దుమ్మును పూర్తిగా కడిగేస్తుంది. మంచుకు, సన్నజల్లుకు ఆ శక్తి ఉండదు. బురద బొట్టు మెల్లగా కిందికి జారి, ఎండ రాగానే దారిలోనే ఆరిపోతుంది. మరుసటి రోజు మంచు నీళ్లూ అదే గాడిలో జారతాయి. ఇలా పొర మీద పొర పేరుకుంటుంది. అందుకే మన ప్రాంతంలో వానాకాలం మధ్యలో కంటే తొలకరిలోనూ, చలికాలంలోనూ చారలు ఎక్కువగా కనిపిస్తాయి.

మన ఎర్ర చల్క నేలల మట్టికి ఆ రంగు ఇనుము ఆక్సైడ్ వల్ల వస్తుంది. దాని సన్నని రేణువులు రంగు మీది సూక్ష్మ రంధ్రాల్లోకి దిగుతాయి. తెల్ల పికప్ బండ్ల మీద గులాబీ రంగు మరకలా నిలిచిపోయేది ఇదే. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ. అది ఆరితే పెచ్చులా అతుక్కుంటుంది. గోటితో లాగితే పాత బండ్ల మీద మట్టితో పాటు రంగూ ఊడి వస్తుంది.

చారను చూసి కారణం గుర్తించడం

ఎర్ర లేక గోధుమ చార, తడి గుడ్డతో పోయేది: మామూలు మట్టి. అతుకుల్లో, పైకప్పు గాడిలో దుమ్ము నిండి ఉంది.

గోధుమ చార, తడి గుడ్డతో పోనిది, బోల్టు లేక వెల్డింగు దగ్గర మొదలయ్యేది: తుప్పు, అంటే మనం చిలుము అనేది. ఆ మొదలు దగ్గర రంగు లేచిపోయి ఉంటుంది.

తెల్లని గరుకు చార: బోరు నీళ్లలోని సున్నపు లవణాలు. కడిగి తుడవకుండా ఎండలో వదిలితే వస్తుంది. గిన్నె అడుగున తెల్లగా గట్టి పొర కట్టే బోరు నీళ్లు వాడేవారికి ఇది తప్పదు.

బ్యాటరీ పెట్టె కింద తెల్లని లేక లేత నీలం పొడి, రంగు ఉబ్బడం: బ్యాటరీ ఆమ్లం. ఇది అన్నిటికంటే వేగంగా ఇనుమును తింటుంది.

నల్లని జిడ్డు చార: డీజిల్ ట్యాంకు మూత కింద, హైడ్రాలిక్ పైపుల దగ్గర, సైలెన్సర్ పక్కన కనిపిస్తుంది. కారిన నూనె మీద దుమ్ము, పొగమసి అంటుకుంటుంది. కిటికీ రబ్బరు కింద సన్నగా నల్లటి గీతలు ఉంటే ఎండకు పాడైన రబ్బరు కరిగి కారుతోందన్నమాట.

పసుపు, నీలి ఆకుపచ్చ చారలు: పురుగు మందులు, తెగులు మందులు. మాంకోజెబ్ పసుపు మరక, కాపర్ ఆక్సీక్లోరైడ్ నీలి ఆకుపచ్చ మరక వదులుతాయి. రాగి మందు రంగు లేని ఇనుము మీద పడితే ఇనుమును తింటుంది. బోర్డో మిశ్రమాన్ని ఇనుప డ్రమ్ముల్లో కలపవద్దని చెప్పేది ఇందుకే.

ట్రాలీ తలుపుల కింద మసక తెలుపు చార: ఎరువుల ఉప్పు. యూరియా గాలిలోని తేమను పీల్చి నీరవుతుంది. పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది, ఇది తినే ఉప్పులాగే ఇనుముకు శత్రువు. కోళ్ల ఎరువు, పశువుల మూత్రం, జీవామృతం డ్రమ్ము నుంచి చిందిన నీళ్లు కూడా ఇదే పని చేస్తాయి.

నివారణ చర్యలు

చారను తొలగించడం కంటే పడకుండా చూసుకోవడం తేలిక. వీటిలో చాలావాటికి డబ్బు ఖర్చు లేదు.

1. పైభాగం ముందు శుభ్రం చేయండి. పికప్ పైకప్పు, ట్రాక్టర్ పందిరి (హుడ్), బానెట్ అతుకులు, అద్దాల రబ్బరు అంచుల్లో దుమ్మును వారానికి ఒకసారి తడి గుడ్డతో గానీ, పాత పళ్ల బ్రష్షుతో గానీ తీయాలి. కళ్లకు కనిపించే పక్క రేకులను రోజూ తుడిచి పైకప్పును మరచిపోతే, మరుసటి తెల్లవారి మంచుకు చారలు మళ్లీ వస్తాయి.

2. నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉంచండి. ట్రాలీ అడుగున, పికప్ తలుపుల కింద, మడ్‌గార్డు మడతల్లో రంధ్రాలు ఉంటాయి. మట్టితో మూసుకుపోతే నీళ్లు నిలిచి, అంచు మీదుగా పొర్లి చారలు పడతాయి. సన్నని తీగతో పొడిచి తెరవాలి. రంధ్రం కింద ఛాసిస్ ఉంటే నాలుగు అంగుళాల పాత పైపు ముక్క బిగించి నీళ్లు దూరంగా పడేలా చేయండి.

3. క్యారెట్, ఆకుకూరలు కడిగిన వెంటనే ఎక్కించవద్దు. కడిగిన సంచులను కాసేపు వాలుగా పెట్టి నీరు ఓడ్చాలి. ఓడ్చని సంచుల నుంచి దారి పొడవునా మట్టి నీళ్లు తలుపు సందుల్లోంచి కారుతూనే ఉంటాయి. కూరగాయకూ ఇది మంచిదే, తడి సరుకు తొందరగా కుళ్లుతుంది.

4. ఎరువు బస్తాల కింద పట్టా పరచండి, పని అయ్యాక దాన్ని తీసేయండి. పట్టాను ట్రాలీలోనే వదిలేస్తే కింద తేమ చేరి రేకు పాడవుతుంది. బస్తా పగిలితే మొదట పొడిగా ఊడ్చి తీసి పొలానికి వేయండి. ఆ తర్వాతే నీళ్లతో కడగండి. ముందే నీళ్లు పోస్తే ఎరువు కరిగి అతుకుల్లోకి దిగుతుంది.

5. పార్కింగ్ చోటు చూసుకోండి. చింత, మర్రి, వేప చెట్ల కింద నీడ బాగుంటుంది, కానీ పక్షి రెట్టలు, జిగురు, రాలిన కాయలు పడతాయి. పక్షి రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండకు అది రంగులోకి దిగుతుంది. రేకుల కొట్టం లేకపోతే చిన్న షేడ్‌నెట్ పందిరి వేసుకోవచ్చు. ట్రాలీని విడిగా నిలిపినప్పుడు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు జాకీని కొద్దిగా ఎత్తితే వాన నీళ్లు వెనుకకు జారిపోతాయి.

6. దుమ్ము పట్టిన బండి మీద టార్పాలిన్ బిగించవద్దు. గాలికి ఊగే టార్పాలిన్ కింద దుమ్ము గరుకు కాగితంలా రుద్దుతుంది. కప్పాలంటే కడిగి ఆరాకే కప్పాలి.

7. మట్టి రబ్బర్లు (మడ్ ఫ్లాపులు) సరిగా ఉండాలి. చినిగినా, పొట్టిగా ఉన్నా టైరు విసిరే బురద నేరుగా తలుపులు, వెనుక రేకు మీద పడుతుంది. కొత్త రంగు వేయించే ఖర్చుతో పోలిస్తే రబ్బరు ముక్క ఖర్చు లెక్కలోకి రాదు.

8. మైనం (వ్యాక్స్) పాలిష్ పట్టించండి. శుభ్రంగా కడిగి ఆరిన రంగు మీద నీడలో పలుచగా రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడవాలి. రెండు, మూడు నెలల వరకు పనిచేస్తుంది. బండి మీద నీళ్లు చల్లి చూడండి. నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా నిలిస్తే మైనం ఉన్నట్టు, పలుచగా పరుచుకుంటే మళ్లీ రాయాల్సిన సమయం వచ్చినట్టు. బండి మొత్తానికి రాయలేకపోతే బానెట్, మడ్‌గార్డులు, తలుపుల కింది సగానికైనా రాయండి.

డీజిల్‌తో తుడవడం గురించి ఒక మాట

కడిగాక డీజిల్ గుడ్డతో తుడిచి మెరిపించడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఒక పూట మెరుస్తుంది. ఆ జిడ్డుకు సాయంత్రానికల్లా దుమ్ము అంటుకుంటుంది. తర్వాత పడే మంచుకు నల్ల చారలు ఇంకా ఎక్కువవుతాయి. కిటికీ రబ్బర్లు, పైపులు, వైర్ల పూతలు డీజిల్‌కు మెత్తబడి పాడవుతాయి. నాగలి కర్రులు, రోటావేటర్ బ్లేడ్లు లాంటి రంగు లేని ఇనుముకు పని అయ్యాక పాత ఇంజన్ ఆయిల్ పూయడం మంచి పద్ధతే. రంగు మీద మాత్రం నూనె వద్దు.

కడిగే సరైన పద్ధతి

కావలసినవి: రెండు బకెట్లు, తక్కువ ఒత్తిడితో నీళ్లు వచ్చే పైపు, బండ్లు కడిగే షాంపూ, పాత నూలు బనియన్లు లేక మైక్రోఫైబర్ గుడ్డలు మూడు, టైర్లకు వేరే బ్రష్. షాంపూ దొరకకపోతే తల స్నానం షాంపూ ప్యాకెట్ ఒకటి బకెట్ నీళ్లకు చాలు. బట్టల సబ్బు పొడి వాడవద్దు. దానిలోని క్షారం మైనం పొరను తీసేసి రంగును మసకబారుస్తుంది.

మొదటి మెట్టు: ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. వేడి బానెట్ మీద నీళ్లు వెంటనే ఆరి కొత్త చారలు పడతాయి. ఉదయం ఎనిమిది లోపు గానీ, సాయంత్రం ఎండ తగ్గాక గానీ కడగండి.

రెండో మెట్టు: ముందుగా నానబెట్టండి. గట్టిపడిన మట్టి మీద తడి గోనె సంచి గానీ, తడి గుడ్డ గానీ పది, పదిహేను నిమిషాలు కప్పి ఉంచండి. మట్టి మెత్తబడ్డాక పైపు నీళ్లతో పైనుంచి కిందికి జారవిడవండి. మట్టి చాలావరకు చేయి తగలకుండానే పోతుంది.

మూడో మెట్టు: షాంపూ నీళ్లను తడిపిన రేకు మీద కింది నుంచి పైకి పట్టించండి. పైనుంచి పోస్తే షాంపూ ఎండిన మట్టి మీదుగా కారుతూ గీతలు చేస్తుంది, ఆ గీతలు తర్వాత కడిగినా మిగిలిపోతాయి. లారీలు కడిగేచోట అనుభవం ఉన్నవారు ఇలాగే చేస్తారు.

నాలుగో మెట్టు: ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండో బకెట్‌లో మామూలు నీళ్లు. గుడ్డను ప్రతిసారీ మామూలు నీళ్లలో జాడించి, పిండి, అప్పుడు షాంపూలో ముంచాలి. ఒకే బకెట్ వాడితే పోయిన ఇసుకను మళ్లీ రంగు మీద రుద్దినట్టే. గుండ్రంగా తిప్పకుండా నిలువుగా ఒక దిశలో తుడవండి.

ఐదో మెట్టు: పైనుంచి కిందికి శుభ్రమైన నీళ్లతో కడగండి. రేడియేటర్, గాలి ఫిల్టర్, ఆల్టర్నేటర్, వైర్ల జాయింట్ల మీద ఒత్తిడి నీళ్లు కొట్టవద్దు. స్ప్రేయర్ గన్‌ను రంగుకు దగ్గరగా పెట్టి కొడితే, లేచిన అంచుల దగ్గర రంగు పెచ్చులుగా ఊడుతుంది.

ఆరో మెట్టు: వెంటనే పొడి గుడ్డతో తుడవండి. బోరు నీళ్లు ఉప్పుగా ఉన్నచోట ఇది తప్పనిసరి. వాన నీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుకుంటే చివరి జాడింపుకు అవే మేలు. తుడిచాక తలుపుల కింది అంచులు, ట్రాలీ తలుపు కీళ్లు ఒకసారి చూడండి. అక్కడ నిలిచిన నీరే మర్నాటికి చార అవుతుంది.

పోని చారలను తొలగించడం

ఏ పద్ధతి అయినా ముందు కనిపించని చోట చిన్న ముక్క మీద చేసి చూడండి. గుడ్డకు బండి రంగు అంటితే ఆపేయండి.

బోరు నీళ్ల తెల్ల చారలు: కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలపండి, లేదా గ్లాసు నీళ్లలో ఒక నిమ్మకాయ పిండండి. గుడ్డతో చార మీద రెండు, మూడు నిమిషాలు ఉంచి బాగా కడగండి. ఎండలో చేయవద్దు, ఆరనివ్వవద్దు.

పక్షి రెట్ట: తడి గుడ్డ ఐదు, పది నిమిషాలు కప్పి, రుద్దకుండా పైకి ఎత్తి తీయండి. చూసిన రోజే తీయాలి.

తారు మచ్చలు: అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వైపు తిరిగే బండ్లకు, రోడ్డు పనులు జరిగే చోట తారు అంటుతుంది. కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు ఆగి మెత్తని గుడ్డతో తీయండి. వెంటనే షాంపూతో జిడ్డు కడగండి.

నల్ల జిడ్డు చారలు: ముందు షాంపూ. పోకపోతే గుడ్డ కొనకు కొద్దిగా కిరోసిన్ అద్ది చార మీద మాత్రమే తుడిచి, షాంపూతో కడగాలి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. ట్యాంకు మూత వాషరు గానీ, కారే పైపు గానీ మార్చకపోతే చార మళ్లీ వస్తుంది.

బ్యాటరీ చార: కంటికి అద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. ముందు నెగటివ్ వైరు విప్పండి. బ్యాటరీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి చార మీద పోయండి. నురగ ఆగేవరకు మళ్లీ పోసి, నీళ్లతో కడగండి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. ఆరాక టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ రాయండి.

పసుపు, కుంకుమ మరకలు: దసరాకు, కొత్త బండి పూజకు పెట్టిన బొట్లు మంచుకు తడిసి ఎర్రగా కారతాయి. కుంకుమలోని రంగు తెల్ల బండ్ల మీద వారంలో పాతుకుపోతుంది. పూజ మర్నాడు షాంపూ నీళ్లతో తుడిచేయండి. బొట్టు ఉండాలనుకుంటే రంగు మీద కాకుండా ముందు అద్దం మూలన గానీ, నంబరు ప్లేటు పైన ఇనుప బంపర్ మీద గానీ పెట్టుకోవచ్చు. కొట్టిన కొబ్బరికాయ నీళ్లు, నిమ్మకాయ రసం బానెట్ మీద పడితే అప్పుడే కడగాలి.

మసకబారిన రంగు: కడిగాక కూడా నీడలా చార మిగిలితే మెత్తటి రబ్బింగ్ కాంపౌండ్ కొద్దిగా పెట్టి తేలిగ్గా రుద్ది, మైనం రాయండి. ఏడాదికి ఒకటి, రెండుసార్లకు మించి వద్దు. ప్రతిసారీ కొంత రంగు పోతుంది. కారు రంగు పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతు మందం చుట్టుపక్కలే ఉంటుంది.

చేయకూడని పనులు

• ఎండిన మట్టిని పొడి గుడ్డతో, గోనెతో, చీపురుతో రుద్దవద్దు. మన మట్టిలోని ఇసుక రంగు కంటే గట్టిది. ఆ సన్నని గీతల్లోనే తర్వాతి దుమ్ము దిగి చారలు శాశ్వతమవుతాయి.
• బాత్‌రూమ్ యాసిడ్ వాడవద్దు. తుప్పు పోయినట్టు కనిపిస్తుంది, అతుకుల్లో మిగిలిన యాసిడ్ కొత్త తుప్పు తెస్తుంది.
• గిన్నెలు తోమే ఇనుప పీచు, బూడిద, ఇటుక పొడి రంగు మీద వాడవద్దు.
• మందు కొట్టిన స్ప్రేయర్ గుడ్డలను, బండి తుడిచే గుడ్డలను కలపవద్దు. ఇంట్లో బట్టలతో కలిపి ఉతకవద్దు.

తుప్పు మొదలైన చోట

గోరుతో నొక్కితే రంగు బుడగలా కదిలితే కింద తుప్పు ఉన్నట్టే. దాని మీద మళ్లీ రంగు వేయడం వల్ల ఉపయోగం లేదు. లేచిన రంగును ఇనుప బ్రష్‌తో గీకి, మెరిసే ఇనుము కనిపించేవరకు గరుకు కాగితంతో రుద్దండి. చుట్టూ గట్టిగా ఉన్న రంగు అంచులను కూడా సన్నని కాగితంతో నునుపు చేయండి. దుమ్ము తీసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయాలి. ఒక రాత్రి గాలికి వదిలినా ఇనుము మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమర్ ఆరాక ఇంకో పూత, దాని మీద ఎనామెల్ రంగు రెండు పూతలు వేయండి. వాన లేని రోజులు చూసుకోండి. రేకు చిల్లులు పడి ఉంటే పై పూత పనికిరాదు, ఆ ముక్క కోయించి వెల్డింగ్ చేయించాలి.

ఈ పని పాత బండి అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది. కొనేవారు ముందు చూసేది మడ్‌గార్డు మడతలు, ట్రాలీ అడుగు, తలుపుల కింది అంచులే.

ఎక్కడ కడగాలి?

మొయినాబాద్‌కు ఒకవైపు ఉస్మాన్‌సాగర్, ఇంకోవైపు హిమాయత్‌సాగర్. 1908 వరదల తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తరతరాలుగా హైదరాబాద్ తాగిన నీళ్లు ఇవి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో వచ్చిన జీవో 111 పరిధిలోకి 84 గ్రామాలను తెచ్చారు. ఆ జీవో గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, నీరు పల్లమెరుగు. మన వాగులో కలిసింది ఎక్కడికి చేరుతుందో మనకు తెలుసు.

చెరువు ఒడ్డున, వాగులో ట్రాక్టర్ దింపి కడగడం పాత అలవాటు. ఎడ్లబండి రోజుల్లో దానివల్ల నష్టం లేదు. నేటి బండి మీద డీజిల్, గ్రీజు, పురుగు మందు, ఎరువు ఉంటాయి. అదే మడుగులో మీ పశువులే నీళ్లు తాగుతాయి, పిల్లలు ఈదుతారు. పురుగు మందుల్లో చాలావాటికి చేపలు కొద్ది మోతాదుకే చస్తాయి.

కాబట్టి పొలంలోనే ఒక చోటు పెట్టుకోండి. బావికి, బోరుకు, కాలువకు దూరంగా, గడ్డి ఉన్న చదును నేల మంచిది. చుట్టూ చిన్న గట్టు వేస్తే కడిగిన నీళ్లు అక్కడే ఇంకుతాయి. ఆ గడ్డిని పశువులకు వేయవద్దు. బకెట్లతో కడిగితే నీళ్లు కూడా సగానికి సగం ఆదా అవుతాయి.

మందు కొట్టిన బండి, స్ప్రేయర్ కడిగేటప్పుడు చేతి తొడుగులు, బూట్లు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ట్యాంకును మూడుసార్లు కొద్ది కొద్ది నీళ్లతో జాడించి, ఆ నీళ్లను మందు కొట్టిన పొలంలోనే పిచికారీ చేయండి. బయటి చారలను సబ్బు నీళ్లతో కడిగాక మీరూ స్నానం చేసి, ఆ తర్వాతే అన్నం తినండి. మందు కొట్టిన రోజే ఆ బండిలో కూరగాయలు వేయవద్దు. తప్పనిసరైతే ట్రాలీ బాగా కడిగి, శుభ్రమైన పట్టా పరిచి వేయండి.

అన్నిటికంటే ముందు తుడవాల్సినవి

రంగు మీది చార ఒక వారం ఆగినా పరవాలేదు. వెనుక లైట్లు, ఇండికేటర్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు, నంబరు ప్లేటు మీది మట్టి ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. బీజాపూర్ రోడ్డు మీద తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు మన కూరగాయల ట్రాలీలు మెల్లగా వెళ్తుంటాయి. వెనుక లారీలు, బస్సులు వేగంగా వస్తుంటాయి. మర్రిచెట్ల కింద చీకటి మరింత చిక్కగా ఉంటుంది. రిఫ్లెక్టర్ మీద ఆరిన బురద ఉంటే వెనుక డ్రైవరుకు ట్రాలీ దగ్గరికి వచ్చేవరకు కనిపించదు. సరుకు ఎక్కించాక, బండి కదిలే ముందు తడి గుడ్డతో వెనుక భాగం ఒకసారి తుడవండి. దీనికి ఒక నిమిషం చాలు. డ్రైవరును పెట్టుకున్నవారు ఈ పని అతనికి చెప్పి వదిలేయకుండా, చేశాడో లేదో చూడండి. ట్రాలీకి రిఫ్లెక్టర్ టేపు లేకపోతే ఈ రోజే అతికించండి. అతికించే ముందు రేకును కడిగి ఆరబెడితేనే టేపు నిలుస్తుంది.

కాలానుగుణంగా చేయాల్సినవి

ఏప్రిల్, మే: తుప్పు చోట్లు గీకి ప్రైమర్, రంగు వేయడానికి మంచి సమయం. వానాకాలానికి ముందే నీటి రంధ్రాలు తెరిచి, మట్టి రబ్బర్లు మార్చి, మైనం రాయండి.

జూన్ నుంచి సెప్టెంబరు: దుక్కి, విత్తనం పనుల్లో రోజూ కడగడం కుదరదు. పొలం నుంచి రాగానే టైర్లు, మడ్‌గార్డు లోపలి మట్టిని తడిగా ఉన్నప్పుడే కర్రతో తోసేయండి. ఎరువు మోసిన రోజు మాత్రం ట్రాలీ కడగకుండా వదలవద్దు.

అక్టోబరు, నవంబరు: దసరా తర్వాత ఒకసారి పూర్తిగా కడిగి, యాసంగికి ముందు మళ్లీ మైనం రాయండి.

డిసెంబరు, జనవరి: మంచు చారల కాలం. ఉదయం బండి మీద మంచు ఉండగానే మెత్తని, శుభ్రమైన గుడ్డతో పైకప్పు, బానెట్ తుడవండి. ముందు రోజు దుమ్ము రోడ్ల మీద తిరిగి ఉంటే తుడిచే ముందు ఒక చెంబు నీళ్లు పోయండి.

గుర్తుంచుకోవాల్సిన ముఖ్యాంశాలు

• చార కనిపిస్తే కింద తుడవడానికి ముందు పైన మొదలు వెతకండి.
• తడపకుండా రుద్దవద్దు.
• ఎరువును ముందు ఊడ్చండి, తర్వాత కడగండి.
• షాంపూ కింది నుంచి పైకి, నీళ్లు పైనుంచి కిందికి.
• ఎండలో కడగవద్దు, కడిగాక తుడవకుండా వదలవద్దు.
• చెరువులో, వాగులో బండి కడగవద్దు.
• రిఫ్లెక్టర్లు, వెనుక లైట్లు ప్రతి రాత్రి ప్రయాణానికి ముందు తుడవండి.

ఈ వారం ఖాళీ దొరికిన ఒక సాయంత్రం మీ ట్రాలీలోని పట్టా ఎత్తి, నాలుగు మూలలూ చేత్తో తడిమి చూడండి. తడి గానీ, గట్టిపడిన ఎరువు గానీ చేతికి తగిలితే ముందు దాన్ని తీసేయండి. ఎరువులు, మందులు నిల్వ చేయడం, వాటి డబ్బాలను పారవేయడం గురించి సందేహాలు ఉంటే మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని కలిసి అడగండి.